కర్ర సామాను వేట: ఎండాకాలం నుంచి వానాకాలం దాకా

మా ఫ్లాట్‌లో ఉన్న పార్టికల్ బోర్డు సామాను ఒక్కొక్కటిగా తీసేసి, వాటి చోట చేతితో చేసిన అసలు కర్ర సామాను పెట్టుకోవాలని మొదలుపెట్టిన పని ఇది. గడువు లేదు, బడ్జెట్ మాత్రం ఉంది. ఇప్పటికి ఇంట్లోకి వచ్చినవి ఒక పడక కుర్చీ, ఒక భోషాణం. డైనింగ్ టేబుల్ పని నడుస్తోంది.

ఏప్రిల్

ముందు షోరూములు తిరిగాను. 'రస్టిక్' అని అమ్ముతున్న వాటిలో చాలావరకు జోధ్‌పూర్ నుంచి వచ్చే మామిడి, షీషం సామానే. కర్రకు వంక పెట్టను. నాకు గిట్టనిది దాని మీద తెచ్చిపెట్టిన పాతదనం. గొలుసుతో కొట్టి సొట్టలు పెడతారు, రంగు వేసి మళ్లీ గీకుతారు. నిజంగా వాడిన కుర్చీ చెయ్యి ఆనే చోట, పాదం తగిలే అడ్డకర్ర మీద అరుగుతుంది. వెనక కాళ్లు అలాగే ఉంటాయి. తయారుచేసిన పాతదనమైతే నాలుగు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ఈ తేడా ఒకసారి కంటికి అలవాటైతే సేల్స్‌మన్ ముందు నవ్వు ఆపుకోవడం కష్టం.

అందుకని హైదరాబాద్‌లోని పాత సామాన్ల సంతలు పట్టాను: గురువారాలు జుమ్మేరాత్ బజార్, ఆదివారాలు ఎర్రగడ్డ సంత. పాత ఇనుము, ఫ్యాన్లు, మిక్సీల మధ్య ఎప్పుడో ఒకసారి మంచి కర్ర తగులుతుంది. పొద్దున్నే వెళ్లాలి, టార్చి తీసుకెళ్లాలి. టార్చి ఎందుకంటే చూడాల్సిందంతా అడుగునే ఉంటుంది.

నేను సామానును ముందు తిరగేస్తాను. పాలిష్ పడని అడుగు భాగంలో కర్ర అసలు రంగు తెలుస్తుంది. గోటితో గీకితే టేకు కొంచెం జిడ్డుగా తగులుతుంది, వాసన కూడా చెబుతుంది. తెల్ల చెక్క (మాను బయటి పొర) ఎంత ఉంది, చేవ (లోపలి గట్టి కర్ర) ఎంత ఉంది అన్నది అక్కడే చూసుకోవాలి. టేకు అయినా సరే, తెల్ల చెక్క ఎక్కువుంటే పురుగు వదలదు. సన్నని చిల్లులుండి, వాటి కింద పిండిలాంటి పొడి తాజాగా రాలుతుంటే పుచ్చు ఇంకా బతికే ఉన్నట్టు. అలాంటిది ఉచితంగా ఇచ్చినా ఇంటికి తేను, పక్కనున్న సామానుకూ అంటుకుంటుంది.

తర్వాత కీళ్లు. ఒక కర్రకు బెజ్జం కొట్టి, రెండోదాని కొసను సన్నగా చెక్కి అందులో దిగ్గొట్టి, అడ్డంగా చెక్క మేకు వేసి ఉంటే వదులైనా విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. స్టేపుల్ పిన్నులు, ఇనుప మూలలు కనిపిస్తే అక్కడితో బేరం మానేస్తాను. చేతి రంధాతో, అంటే చిత్రికతో, నునుపు చేసిన పలక అడుగున వేళ్లు పోనిస్తే చిన్న ఎత్తుపల్లాలు తెలుస్తాయి. యంత్రం మీద పోయిన పలకకు అవి ఉండవు.

మే

పడక కుర్చీ దొరికింది. టేకు, చేతులు పొడుగ్గా ముందుకు వచ్చే రకం. బెత్తం అల్లిక మొత్తం తెగిపోయింది, దాంతో ధర దిగింది. కొనేముందు ఫ్రేము అంచు చూశాను: వరసగా బెజ్జాలున్నాయి. బెజ్జాలుంటే ఒక్కో బెత్తం విడిగా అల్లుతారు, కొంత తెగితే కొంతే బాగుచేసుకోవచ్చు. గాడి ఉంటే రెడీమేడ్ అల్లిక షీటు దింపి అతికిస్తారు, పోతే మొత్తం పోయినట్టే.

పాత పాలిష్ ఏమిటో తెలుసుకోవడం తేలిక. కనపడని మూలలో స్పిరిట్ ముంచిన దూదితో రుద్దాలి. జిగురుగా కరిగితే లక్క పాలిష్. మాది కరిగింది. మొత్తం గీకకుండా స్పిరిట్‌తోనే తుడిచి, 220 నంబరు గరుకు కాగితం ఒక చెయ్యి వేసి, పైన కొత్త లక్క పలచగా పూశాను. కుర్చీకి లక్క సరే. వేడి కప్పు పెడితే తెల్ల మచ్చ పడుతుంది కాబట్టి టేబుల్‌కు వద్దు.

జూలై

భోషాణం ఎండల్లో తెచ్చాం, మూత సాఫీగా పడేది. వానలు మొదలయ్యాక పట్టేసింది. కర్ర పొడవులో దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం తేమ పీల్చి ఉబ్బుతుంది. వెడల్పు పలకలతో చేసిన మూత కాబట్టి ఆ మాత్రం తప్పదు. "అంచు కొంచెం రంధా కొట్టరాదా అన్నా" అంటే మా వడ్రంగి ఒప్పుకోలేదు. "ఇప్పుడు కొడితే ఎండాకాలంల వేలు దూరేంత సందు వస్తది సార్. కొవ్వొత్తి రుద్దుండ్రి." రుద్దాను, పనిచేసింది. అమ్మ మాత్రం అందులో పరుపులు పెట్టేసి, ఇక తీసే పనే లేదంది.

ఇప్పుడు

టేబుల్‌కు కొత్త టేకు వద్దనుకుని, పాత ఇల్లు కూల్చినప్పుడు వచ్చిన దూలాలు తీసుకున్నాను. ఏళ్ల తరబడి ఆరిన కర్ర, కోసిన తర్వాత వంకర పోయే భయం తక్కువ. లోపల మేకులుంటాయి, కోతకు పంపేముందు అయస్కాంతం తిప్పాలి. లేకపోతే రంపం పళ్లు పోతాయి, మిల్లువాడు మనల్నే అంటాడు.

కర్ర లెక్క సి.ఎఫ్.టి.లో, అంటే ఘనపుటడుగుల్లో. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని గుణించి 144తో భాగించాలి. 8 అడుగుల దూలం 6 అంగుళాలు, 4 అంగుళాలు అయితే 1.33 సి.ఎఫ్.టి. కోతకు, రంధాకు పోయేది ఉంటుంది కాబట్టి నేను పావు వంతు ఎక్కువ తీసుకున్నాను.

మనిషికి 24 అంగుళాల చొప్పున పక్కకు ముగ్గురికి 6 అడుగులు, వెడల్పు 3 అడుగులు, ఎత్తు 30 అంగుళాలు. పైపలకను ఫ్రేముకు జిగురుతో అతికించొద్దని ముందే చెప్పాను. స్క్రూ బెజ్జాలు పొడుగ్గా కొడితే పలక ఉబ్బినా, కుంగినా పగలదు. మా లిఫ్టులో ఆ పలక పట్టదు, అందుకని కాళ్లు బోల్టులతో ఊడేలా చేయిస్తున్నాం, పలక మెట్ల మీదుగా వస్తుంది.

ఫినిష్‌కు డబల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె. పలచగా పూసి, పీల్చుకోని నూనె తుడిచేసి, ఆరాక మళ్లీ. తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకూడదు. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. బయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ల బకెట్‌లో వేయండి.

దసరా లోపు టేబుల్ ఇంటికి రావాలి. కుర్చీలకు బదులు ఒక వైపు బెంచీ అనుకుంటున్నాం, ఎత్తు 17 అంగుళాలా, 18 అంగుళాలా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.