39.4 డిగ్రీల దగ్గర ఒక శిఖరం

ఈ రోజు ఎక్స్-రే డిఫ్రాక్షన్ పటంలో (పొడి మీద పడ్డ ఎక్స్-కిరణాలు ఏ కోణంలో ఎంత బలంగా చెదిరాయో చూపే పటం) 39.4 డిగ్రీల కోణం దగ్గర శిఖరం నిటారుగా లేచింది. దాని పక్కనే 34.4, 38 దగ్గర మరో రెండు. మాలిబ్డినం లోహం, కార్బన్ కలిసిన బీటా మాలిబ్డినం కార్బైడ్! మూడు నెలలుగా దీనికోసమే ఎదురుచూశాను.

చెప్పడానికి పని చిన్నదే. అమోనియం హెప్టామాలిబ్డేట్ అనే మాలిబ్డినం లవణాన్ని క్వార్ట్జ్ గొట్టంలో ఉంచి, ఒక వంతు మీథేన్, నాలుగు వంతులు హైడ్రోజన్ పంపుతూ, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున 700 డిగ్రీల సెల్సియస్ వరకు తీసుకెళ్లాలి. తొందరపడి వేడి పెంచిన ప్రతిసారీ పటంలో 26 డిగ్రీల కోణం దగ్గర శిఖరం కనిపించింది, అంటే మాలిబ్డినం డయాక్సైడ్ మిగిలే ఉంది.

అసలు పరీక్ష చల్లారాక మొదలవుతుంది. తాజా కార్బైడ్ పొడికి గాలి తగలకూడదు. మొదటిసారి గొట్టం తెరవగానే ఆ నల్లని పొడి నా కళ్ల ముందే ఎర్రగా రాజుకుంది. వారం రోజుల శ్రమ క్షణంలో మళ్లీ ఆక్సైడైపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు 1 శాతం ఆక్సిజన్ మాత్రమే ఉన్న వాయువును గంటలకొద్దీ పంపి, రేణువుల మీద రక్షణగా పలుచని ఆక్సైడ్ పొర కట్టనిస్తున్నాను.

శిఖరం వెడల్పును బట్టి స్ఫటికం పరిమాణాన్ని లెక్కగట్టే షెరర్ సూత్రంలో వేస్తే స్ఫటికం పరిమాణం దాదాపు 9 నానోమీటర్లు వచ్చింది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో 0.23 నానోమీటర్ల ఎడంతో పరమాణు వరుసలు కనిపించినప్పుడు మాట రాలేదు.

ఇలాంటిదే అయిన టంగ్‌స్టన్ కార్బైడ్ రసాయన చర్యలను వేగవంతం చేయడంలో ప్లాటినంలా ప్రవర్తిస్తుందని 1973లో శాస్త్రవేత్తలు లెవీ, బూడార్ట్ చూపించారు. ఖరీదైన ప్లాటినం లేకుండా నీటి నుంచి హైడ్రోజన్ తీయాలన్న ఆశ నన్నూ ఈ కొలిమి దగ్గరికి తెచ్చింది. రేపు ఈ పొడిని ఎలక్ట్రోడ్ మీద పూస్తాను.