మల్టీవిటమిన్ డబ్బా వెనక అంకెలు

రాజమండ్రి తాడితోటలో మాది బట్టల కొట్టు. పొద్దున తొమ్మిదిన్నరకి షట్టరు ఎత్తితే రాత్రి తొమ్మిదిదాకా నిలువుకాళ్ళ మీదే ఉంటాను. నాకిప్పుడు 44. ఆరేళ్ళుగా వారానికి మూడు రోజులు షటిల్, రెండు రోజులు సైకిలు. తెల్లవారుజామున ఐదింటికి కోటిలింగాల రేవు దగ్గర బయల్దేరి ధవళేశ్వరం ఆనకట్టదాకా తొక్కి, ఆరున్నరకల్లా ఇంటికి చేరతాం. మా బ్యాచిలో తొమ్మిదిమందిమి, అందరం నలభై దాటినవాళ్ళమే. తిరిగొచ్చాక టీ బండి దగ్గర ఆగితే ఏదో ఒకరోజు ఈ మాట వచ్చి తీరుతుంది: "నువ్వేం మాత్ర వేస్తున్నావ్ బావా?"

ఆ ప్రశ్నకి రెండేళ్ళపాటు నేను తప్పు జవాబు చెప్పాను. నా మాట విని ఇద్దరు అదే డబ్బా కొన్నారు కూడా. వాళ్ళకి ముఖాముఖి చెప్పేశాను. మిగతావాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మూడో గేమ్‌కి వచ్చేసరికి కాళ్ళు లాగేయడం మొదలైంది. అరగంట విశ్రాంతి తీసుకున్నా తేరుకునేవాణ్ణి కాదు. సైకిలు తొక్కుతుంటే కుడికాలి వేళ్ళు తిమ్మిరెక్కేవి. బూటు బిగుతనుకుని ఒక సైజు పెద్దది కొన్నాను, తిమ్మిరి తగ్గలేదు. ఆ రోజుల్లోనే ఆన్‌లైన్లో ఒక డబ్బా కనపడింది. నల్ల డబ్బా, మీద పరిగెత్తే మనిషి బొమ్మ, 'చురుకైన మగవారి కోసం' అని రాసుంది. అరవై మాత్రలు, 1,450 రూపాయలు. నలభైకి పైగా పదార్థాలున్నాయి. అన్ని ఉంటే మంచిదే కదా అనుకున్నాను.

రోజూ ఐదింటికి ముందు, పరగడుపున, గ్లాసుడు నీళ్ళతో వేసుకునేవాణ్ణి. గట్టు ఎక్కేసరికి కడుపులో తిప్పేది. రెండుసార్లు సైకిలు పక్కన పెట్టి గట్టు మీదే వాంతి చేసుకున్నాను. జింకు ఎక్కువున్న మాత్ర ఖాళీ కడుపున వేస్తే చాలామందికి ఇలాగే తిప్పుతుందట. నాకది తెలియక మందు పట్టడానికి టైమ్ పడుతుందని సరిపెట్టుకున్నాను. మూత్రం ముదురు పసుపుగా వచ్చేది. దానికి భయపడక్కర్లేదు, అది బీ2, అంటే రైబోఫ్లావిన్ రంగు. బీకాసూల్స్ వేసుకున్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతే. కాకపోతే మాత్ర పనిచేస్తోందనడానికి అది గుర్తు కాదు. ఒంటికి అక్కర్లేక బయటికి పోయినది అలా కనపడుతుంది, అంతే.

ఇది చాలదన్నట్టు జుట్టు పలచబడుతోందని బయోటిన్ మాత్ర ఒకటి విడిగా మొదలుపెట్టాను. పది వేల మైక్రోగ్రాములది.

ఆ వేసవిలో ల్యాబు వాళ్ళ ప్యాకేజీలో ఒళ్ళంతా పరీక్ష చేయించుకుంటే థైరాయిడ్ దగ్గర రెండు అంకెలు ఎర్రగా వచ్చాయి. టీఎస్‌హెచ్ బాగా తక్కువ, టీ4 ఎక్కువ. థైరాయిడ్ అతిగా పనిచేస్తోందని దాని అర్థం. మా మేనత్తకి ఆ జబ్బుతో గుండెదడ వచ్చి ఎంత అవస్థ పడిందో చిన్నప్పుడు చూశాను. నాలుగు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. ఐదో రోజు మా ఆవిడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ పెద్దావిడ. రిపోర్టు చూసి మందు రాయలేదు. "మీరు వేసుకునే మాత్రలన్నీ, ఒక్కటీ వదలకుండా సంచీలో వేసుకుని రేపు రండి" అన్నారు. మర్నాడు నల్ల డబ్బా, బయోటిన్ స్ట్రిప్పు, కడుపులో మంటకని రెండేళ్ళుగా నా అంతట నేనే వేసుకుంటున్న పాంటాప్రజోల్ బల్ల మీద పెట్టాను. ఆవిడ డబ్బా ముందువైపు చూడనేలేదు. వెనక్కి తిప్పి, కళ్ళజోడు పైకి తోసి, ఆ చీమతలకాయంత అక్షరాలని పెన్ను మొనతో ఒక్కో వరసా చదువుకుంటూ వెళ్ళారు. బీ6 దగ్గర ఆగి సున్నా చుట్టారు. తర్వాత బయోటిన్ స్ట్రిప్పు తీసి 10,000 చుట్టూ ఇంకో సున్నా.

"ఇవన్నీ ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదు మేడమ్. నేనే."

"మీ థైరాయిడ్‌కి ఏమీ అయ్యుండకపోవచ్చు. ఈ బయోటిన్ ఆపి వారం తర్వాత మళ్ళీ పరీక్షకి ఇవ్వండి."

ఆవిడ చెప్పింది ఇదీ. ల్యాబుల్లో చాలా హార్మోను పరీక్షలు బయోటిన్ ఆధారంగానే జరుగుతాయి. మన రక్తంలోనే అది దండిగా తిరుగుతుంటే మెషీను లెక్క తప్పుతుంది. లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. గుండెపోటు తెలిపే ట్రోపోనిన్ పరీక్షలో ఉన్న ముప్పును లేనట్టు కూడా చూపించొచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద 2017లోనే హెచ్చరిక ఇచ్చింది. మనిషికి రోజుకి కావలసింది 30, 40 మైక్రోగ్రాములు. నేను వేసుకుంటున్నది పది వేలు. వారం ఆపాక నా థైరాయిడ్ మామూలుగా ఉంది.

బీ6 సంగతి నన్ను ఇంకా కలవరపెట్టింది. నా డబ్బాలో అది 50 మిల్లీగ్రాములు. మనకి రోజుకి కావలసింది రెండు మూడు మిల్లీగ్రాములు. అది నెలల తరబడి అతిగా పడితే నరాలు దెబ్బతిని కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. అందుకే యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో దాని గరిష్ఠ పరిమితిని రోజుకి 12 మిల్లీగ్రాములకి దించేసింది. తిమ్మిరి తగ్గుతుందని వేసుకున్న మాత్రే తిమ్మిరిని పెంచగలదన్నమాట.

అసలు లోపం వేరే పరీక్షలో బయటపడింది. బీ12 148, విటమిన్ డీ 14, రెండూ బాగా తక్కువ. హిమోగ్లోబిన్ 14.1, అది బాగానే ఉంది.

మా ఇంట్లో మాంసం, చేప, గుడ్డు ఏవీ రావు. బీ12 మొక్కల్లో ఉండదు, పాలూ పెరుగూ మీదే మా ఆధారం. దానికి తోడు కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్ ఏళ్ళ తరబడి వాడితే తిన్న కాస్త బీ12 కూడా సరిగ్గా ఒంటికి పట్టదు. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకీ ఇదే ఇబ్బంది. మా బ్యాచిలో ముగ్గురు ఆ మాత్ర మీదే ఉన్నారు. వాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

ఇక డీ. రోజూ ఆరుబయట తిరిగేవాడికి డీ తక్కువేమిటని అడిగాను. చర్మంలో డీ తయారవ్వాలంటే ఎండ బాగా నిటారుగా పడే పదీ పదకొండు నుంచి మూడింటిదాకా వేళ కావాలి. మేం సైకిలు తొక్కేది సూర్యుడు రాకముందు, షటిల్ ఆడేది కప్పు కింద, మిగతా రోజంతా కొట్టులో ట్యూబులైటు కింద. చురుగ్గా ఉన్నాం గానీ ఎండ తగలదు.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. లోపం ఇంతదాకా వచ్చాక మల్టీవిటమిన్ దాన్ని పూడ్చలేదు. మామూలు మాత్రలో బీ12 ఒకటి రెండు మైక్రోగ్రాములుంటుంది, అది ఆరోగ్యవంతుడి రోజువారీ అవసరానికి సరిపోయే లెక్క. నాకు మొదట ఇంజెక్షన్లు, తర్వాత 1,500 మైక్రోగ్రాముల మాత్ర ఇచ్చారు. అంత పెద్ద మోతాదులో నూటికి ఒక పాలు మాత్రమే ఒంటికి పడుతుందట, అందుకే అంత ఇస్తారు. డీకి వారానికొకటి చొప్పున అరవై వేల ఐయూ, ఎనిమిది వారాలు. ఎనిమిది కాగానే ఆపేయమని చీటీ మీద గీత గీసి మరీ చెప్పారు. మా వీధిలో ఒక పెద్దాయన ఆ వారానికొకటి మాత్రని రోజుకొకటి వేసుకున్నారు. దాహం, వాంతులు, రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీదాకా వెళ్ళింది వ్యవహారం. డీ నీళ్ళలో కరిగి పోయేది కాదు, కొవ్వులో పేరుకుంటుంది.

ఇంకో మాట కూడా డాక్టరమ్మే చెప్పారు. బీ12 తక్కువున్నవాళ్ళు ఫోలిక్ యాసిడ్ మాత్రం దండిగా వేసుకుంటే రక్తహీనత సర్దుకుపోయి పరీక్షలో అంతా బాగున్నట్టుంటుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. స్ట్రిప్పు మీద ఫోలిక్ యాసిడ్ అనే పేరు చూసినప్పుడల్లా నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. భీమవరంలో పుట్టి, కొన్నాళ్ళు మా రాజమండ్రిలోనే చదువుకున్నారు. ఆయన అన్నదమ్ములు స్ప్రూతో పోయారు, అంటే తిన్నది పేగులకి పట్టని వ్యాధి. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ స్ప్రూకి అదే మందయింది. నాలుగు రూపాయల మాత్రలో మన గోదావరి జిల్లావాడి కష్టం ఉందని మా అబ్బాయికి చెప్పాను.

ఇప్పుడు నేను వాడేది మెడికల్ షాపులో దొరికే మామూలు స్ట్రిప్పు. నెలకి రెండొందలు కూడా అవదు. ఎలా ఎంచుకున్నానో చెబుతాను.

మొదట డబ్బా వెనక ప్రతి పదార్థానికీ ఎదురుగా రోజువారీ అవసరంలో ఎంత శాతమో రాసుందా అని చూశాను. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి 2020లో సవరించిన లెక్కలున్నాయి. మగవాళ్ళకి రోజుకి జింకు 17 మిల్లీగ్రాములు, విటమిన్ సి 80, ఐరన్ 19, విటమిన్ డీ 600 ఐయూ. వందకి అటూ ఇటూగా ఉన్నది నాకు చాలు. ఎదురుగా రెండు వేల శాతం, ఐదు వేల శాతం అని కనపడితే పక్కన పెట్టేశాను. 'ప్రత్యేక మిశ్రమం' అని పేరు పెట్టి ఏది ఎంతో చెప్పనిది అసలు ముట్టుకోలేదు. నా నల్ల డబ్బాలో అలాంటి మిశ్రమంలోనే జిన్‌సెంగూ, అశ్వగంధా, పల్లేరూ ఉన్నాయి. పల్లేరు అంటే గట్టు మీద మా సైకిలు ట్యూబులకి దిగే ముల్లే. మగ హార్మోనుని పెంచుతుందని దాన్ని అమ్ముతారు గానీ మనుషుల మీద పరీక్షల్లో అది నిలబడలేదు. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్ళు జిన్‌సెంగ్ జోలికి డాక్టర్నడక్కుండా పోకూడదు.

ఐరన్ లేనిదే తీసుకున్నాను. ఆడవాళ్ళకిలా మనకి నెలనెలా రక్తం పోదు. హిమోగ్లోబిన్ 14 ఉన్నవాడికి ఐరన్ మాత్ర దేనికి? ఒకవేళ మగవాడికి హిమోగ్లోబిన్ తగ్గిందంటే మొలలవల్లో, కడుపులో పుండువల్లో, ఎక్కడ రక్తం పోతోందో వెతికించుకోవాలి. దాన్ని మాత్రతో కప్పెట్టకూడదు.

సిగరెట్టు తాగేవాళ్ళు బీటా కెరోటిన్ ఎక్కువున్న మాత్రలు మానాలి. ఫిన్లాండులో పొగతాగేవాళ్ళ మీద చేసిన అధ్యయనం 1994లో వచ్చింది, అది వేసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా పెరిగింది. విటమిన్ ఈ కూడా అంతే. రోజుకి 400 ఐయూ వేసుకున్న మగవాళ్ళలో ప్రోస్టేటు క్యాన్సరు పెరిగినట్టు 2011లో తేలింది.

మెగ్నీషియం, కాల్షియం మాత్రలో ఉన్నాయా లేదా అని నేను చూడను. మెగ్నీషియం రోజుకి 440 మిల్లీగ్రాములు, కాల్షియం వెయ్యి. ఒక్క మాత్రలో అంత పట్టదు. చోడిపిండి జావ, నువ్వులపొడి, మునగాకు పప్పు ఉండగా దిగులు లేదు. వంద గ్రాముల చోళ్ళలో 360 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది. చెమటలో పోయిన ఉప్పుకి కూడా మాత్ర పనికిరాదు, ఆట అయ్యాక ఉప్పేసిన మజ్జిగే. అన్నట్టు బియ్యం గురించి ఒక మాట. మన సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు మరపట్టిన తెల్ల పచ్చిబియ్యమే ఆధారంగా బతికినవాళ్ళకి బెరిబెరి వచ్చేది. తవుడుతోపాటు బీ1 పోయేది. ఉప్పుడు బియ్యం తిన్నవాళ్ళకి ఆ బాధ తక్కువ, ఉడకబెట్టేటప్పుడు బీ1 గింజలోకి దిగుతుంది. మా ఇంట్లో ఇప్పుడు వారానికి మూడు పూటలు దంపుడు బియ్యం వండుతున్నారు.

మల్టీవిటమిన్ వేసుకుంటే గుండెపోటు రాదనేవాళ్ళున్నారు. అమెరికాలో యాభై దాటిన 14,641 మంది మగ డాక్టర్లని రెండు గుంపులు చేసి, పదేళ్ళ పైన ఒక గుంపుకి రోజూ మాత్ర, రెండో గుంపుకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2012లో ఫలితాలు వచ్చాయి. క్యాన్సర్లు మొత్తం మీద 8 శాతం తగ్గాయి, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. నా వరకు ఇది తిండిలో సందులు పూడ్చే మాత్ర. మూడో గేమ్ గెలిపించేది కాదు.

పోటీల్లో ఆడే పిల్లలున్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పేరులేని డబ్బాల్లో నిషేధిత పదార్థాలు కలిసి, డోపింగ్ పరీక్షలో కుర్రాడు దొరికిపోతే తెలియక వేసుకున్నానంటే మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) వాళ్ళు వదలరు. మా మేనల్లుడు రాష్ట్రస్థాయి షటిల్ ఆడతాడు. వాడికి డాక్టరు రాయనిది ఏదీ ఇవ్వొద్దని మా చెల్లెలికి గట్టిగా చెప్పాను.

వేసుకునే వేళ కూడా మార్చాను. మధ్యాహ్నం కొట్టులో క్యారేజీ విప్పి, పప్పూ నెయ్యీ కలిపిన అన్నం తిన్నాక. ఏ, డీ, ఈ, కేలు కొవ్వుతోనే ఒంటికి పడతాయి. అప్పట్నుంచి కడుపులో తిప్పడం లేదు. పాంటాప్రజోల్ డాక్టరమ్మ చెప్పినట్టు మెల్లగా తగ్గించి మానేశాను. రాత్రి భోజనం ఎనిమిదికి జరిపాక మంట చాలావరకు పోయింది. నేను తినొచ్చేదాకా కొట్టులో తమ్ముడు కూర్చుంటున్నాడు.

ఈ ఫిబ్రవరిలో మళ్ళీ చూపించుకుంటే బీ12 412, డీ 34. బొటనవేలి తిమ్మిరి పూర్తిగా పోయింది. చిటికెనవేలిది ఇంకా కొంచెం ఉంది, పొద్దున చలిగా ఉన్నప్పుడు తెలుస్తుంది. నరం కోలుకోవడానికి ఏడాది పట్టొచ్చన్నారు. నల్ల డబ్బాలో మిగిలిన పదిహేడు మాత్రలు పారేశాను.