వెనక బెంచీలో కూర్చుని నేను రాసింది

బెంగళూరులో హూడి దగ్గర మా స్కూల్లో నేను వైస్ ప్రిన్సిపాల్ అయిన కొత్తల్లో, క్లాస్ అబ్జర్వేషన్‌కి వెళ్తే చేతిలో ఒక ఫారం ఉండేది. లెసన్ ప్లాన్ రాశారా, బోర్డు పని బాగుందా, గొంతు చివరి బెంచీ దాకా వినిపిస్తోందా, క్లాసు అదుపులో ఉందా. ఒక్కోదానికి ఐదు మార్కులు. కింద సంతకం పెట్టి టీచర్ చేతికి ఇచ్చేసేదాన్ని. అంతకుముందు పద్నాలుగేళ్లు నేనూ లెక్కల టీచర్నే. వెనక ఎవరైనా వచ్చి కూర్చుంటే చేతిలో చాక్‌పీస్ తడిసిపోయేది. అది గుర్తుండి కూడా అదే పని చేశాను.

ఆ ఏడాది ఐదో తరగతి లెక్కలకు కుప్పం అమ్మాయి ఒకామె చేరింది. అప్పుడే బీఎడ్ పూర్తయింది. నేను వెళ్లిన రోజు భిన్నాల పాఠం. 1/3 పెద్దదా, 1/4 పెద్దదా అని అడిగింది. సగం మంది పిల్లలు 1/4 అన్నారు. ఆమె నావైపు ఒకసారి చూసి, చెప్పిందే మళ్లీ చెప్పింది. మూడోసారికి గొంతు పెరిగింది. నేను ఫారంలో 'విషయ స్పష్టత: 2' అని వేశాను. మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో ఆమె క్యారియర్ మూత కూడా తీయలేదు. "రేపట్నుంచి బాగా చెప్తాను మేడం" అంది. ఎలా చెప్పాలో ఆమెకు తెలియదు, నేనూ చెప్పలేదు. ఆ 2 అంకె వల్ల ఆమెకు ఒరిగిందేమిటి?

తర్వాతి వారం ఫారం లేకుండా వెళ్లాను. "నిన్ను చూడటానికి రావడం లేదమ్మా, పిల్లలు ఏం మాట్లాడుకుంటున్నారో రాసుకుంటాను" అని ముందే చెప్పాను. ఇద్దరు మగపిల్లల పక్కన కూర్చున్నాను. టీచర్‌కి ఇంగ్లిష్‌లో జవాబు చెప్పే పిల్లలు తమలో తాము ఇంటి భాషలోనే గుసగుసలాడతారు. మా దగ్గర అది కన్నడం కావచ్చు, తమిళం కావచ్చు, హిందీ కావచ్చు. ఈ ఇద్దరిదీ తెలుగు. "మూడు కన్నా నాలుగు పెద్దది కదరా, అట్లయితే ఇదే పెద్దది" అన్నాడు ఒకడు. ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను. ముందు బెంచీలో ఒక పాప చపాతీ బొమ్మ గీసి నాలుగు ముక్కలు చేసింది, కానీ ఒక్క ముక్కా ఇంకోదానితో సమానంగా లేదు. అదీ రాసుకున్నాను.

సాయంత్రం ఆ పేజీ ఆమె ముందు పెట్టాను. రెండుసార్లు చదివింది. "కింద ఉన్న అంకెను మామూలు అంకెలాగే చూస్తున్నారు మేడం. ముక్కలు సమానంగా ఉండాలని నేను ఒక్కసారి కూడా అనలేదు" అంది. నేను చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. మర్నాడు ఒకే పొడవున్న కాగితం పట్టీలు కత్తిరించి తెచ్చి, ఒకదాన్ని మూడు మడతలు, ఇంకోదాన్ని నాలుగు మడతలు పెట్టించింది. పంచుకునేవాళ్లు పెరిగితే ముక్క చిన్నదవుతుందని ఈసారి పిల్లలే చెప్పారు.

జపాన్‌లో 'జుగ్యో కెన్‌క్యూ' అని ఒక పద్ధతి ఉంది. కొందరు టీచర్లు కలిసి ఒకే పాఠాన్ని తయారు చేస్తారు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు పిల్లల్ని గమనిస్తారు. తర్వాత అందరూ కూర్చుని ఆ పాఠం గురించి మాట్లాడుకుంటారు. టీచర్‌కి మార్కులు వేసే పని అందులో లేదు. దాని గురించి చదివాక, మా లెక్కల టీచర్లు నలుగురితో నెలకొక పాఠం అలా మొదలుపెట్టాను.

దీనికి కావలసింది సమయం. సీబీఎస్‌ఈ స్కూళ్లలో ప్రతి టీచరూ ఏడాదికి 50 గంటల శిక్షణ పూర్తి చేయాలి. 2020 జాతీయ విద్యా విధానం కూడా టీచర్లకూ ప్రిన్సిపాళ్లకూ 50 గంటలే చెప్పింది. ఆ గంటలన్నీ శనివారం హాల్లో ప్రొజెక్టర్ ముందు గడిచిపోతే సర్టిఫికెట్ వస్తుంది, సోమవారం క్లాసు మాత్రం మారదు. స్కూల్లోనే చేసుకోదగ్గ గంటల్లో కొన్నింటిని నేను ఈ పాఠాలకు మళ్లించాను.

ఇంకొకటి, ఫ్రీ పీరియడ్. దాన్ని ఖాళీ సమయం అనుకోవడం దగ్గరే మన తప్పంతా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో టీచర్ పని వారానికి కనీసం 45 గంటలు అని ఉంది. పాఠానికి సిద్ధమయ్యే గంటలు కూడా కలుపుకునే ఆ లెక్క. అంటే సిద్ధం కావడం కూడా పనే. అయినా సెలవు పెట్టినవాళ్ల క్లాసులకు ఫ్రీ పీరియడ్ ఉన్న ఎవరు వెళ్లాలో రాసే సబ్‌స్టిట్యూషన్ షీట్‌ను పొద్దున్నే చూడాలంటేనే టీచర్లకు టెన్షన్. మా టైమ్‌టేబుల్‌లో ఇప్పుడు ప్రతి టీచర్‌కీ వారానికి ఒక పీరియడ్ ఆకుపచ్చ రంగులో ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మనిషి దొరక్కపోతే నేనే వెళ్తాను. వైరల్ జ్వరాలప్పుడు ఒకే రోజు నలుగురు సెలవు పెట్టారు. ఆ రోజు నేను మూడు క్లాసులు తీసుకున్నాను, ఆఫీసు ఫైళ్లు మర్నాటికి మిగిలిపోయాయి. మిగిలితే మిగలనీ. ఆ రోజు కూడా ఆకుపచ్చ గడి ఒక్కటీ పోలేదు, నాకు అది ముఖ్యం.

(తల్లిదండ్రుల రాత్రి మెసేజ్‌లు కూడా ఇప్పుడు టీచర్ల ఫోన్లకు కాకుండా ఆఫీసు నంబరుకు వస్తాయి. ఈ పని ఎప్పుడో చేయాల్సింది.)

మొన్న బుధవారం ఆ కుప్పం అమ్మాయే వచ్చి, "నా ఆకుపచ్చ పీరియడ్‌లో మీ క్లాసుకి వచ్చి కూర్చోనా మేడం?" అని అడిగింది. నేను ఇప్పటికీ ఏడో తరగతికి లెక్కలు చెప్తాను. పూర్ణ సంఖ్యల తీసివేత నడుస్తోంది. "మైనస్ మైనస్ ప్లస్" అని పిల్లల చేత పలికిస్తూ పాఠం చెప్పాను. బాగా జరిగిందనే అనుకున్నాను. సాయంత్రం ఆమె తన నోట్‌బుక్ తెరిచి చూపించింది. మూడో వరసలో ఒక పాప −3 − 5 = +8 అని రాసిందట. "రెండు మైనస్‌లు ఉన్నాయి కదా" అని పక్కపిల్లకు చెప్పి, బోర్డు మీద జవాబు చూడగానే చెరిపేసుకుందట. పద్నాలుగేళ్లూ ఆ మాట అలాగే పలికించాను. ఇలా ఎంతమంది చెరుపుకున్నారో నాకు కనిపించలేదు.

రేపు అదే క్లాసుకి సంఖ్యారేఖతో మళ్లీ మొదలుపెడుతున్నాను. ఆమెను కూడా రమ్మన్నాను.