ఎర్ర కోట్లు, జొన్నచేను, కొత్త డోర్‌మ్యాట్

కొబ్బరిపీచు డోర్‌మ్యాట్‌ని తిరగేసి, వెనకవైపు నుంచి కత్తితో ముక్కలు కోస్తుంటే మా ఆవిడ చూసేసింది. "ఏమండీ, అది మొన్న కొన్న మ్యాటు కదా" అంది. అవును, అందుకోసమే కొన్నా అన్నా. ఇంక ఏమీ అనలేదు గానీ చీపురు తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళిపోయింది, అంటే అర్థం మీకు తెలుసుగా. ఆ పీచు సామాన్యంగా రాలదండీ, హాలంతా, ఫ్యాను గాలికి సోఫా కిందకి, చివరికి నా కాఫీలోకి కూడా. రెండో శనివారం, బ్యాంకు సెలవు, కాబట్టి రోజంతా నాదే అనుకుని కూర్చున్నా.

ఏం చేస్తున్నానో తెలియనివాళ్ళకి చెప్తా. చందుర్తి యుద్ధం చేస్తున్నా, డైనింగ్ టేబుల్ మీద, చిన్న చిన్న సైనికుల బొమ్మలతో, పాచికలేసి ఆడే ఆటగా. 1758 డిసెంబర్, మన పిఠాపురం పక్కన గొల్లప్రోలు మండలం చందుర్తి, ఇంగ్లీషు పుస్తకాల్లో కాండోర్ అని ఉంటుంది. అటు ఫ్రెంచి కంపెనీ తరఫున కాన్‌ఫ్లాన్స్, ఇటు ఇంగ్లీషు కంపెనీ తరఫున క్లైవ్ బెంగాల్ నుంచి ఓడల్లో పంపిన కల్నల్ ఫోర్డ్, ఆయనకి తోడు మన విజయనగరం ఆనంద గజపతిరాజు. బొబ్బిలి యుద్ధం గురించి ఎవర్నడిగినా చెప్తారు, బుర్రకథలున్నాయి, సినిమాలున్నాయి, తాండ్ర పాపారాయుడు అనగానే ఒళ్ళు పులకరిస్తుంది, దాని తర్వాత రెండేళ్ళు తిరక్కుండా జరిగిన ఈ యుద్ధం మాత్రం ఎవరికీ పట్టలేదు. ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి జారిపోవడం మొదలైంది ఇక్కడే, తర్వాత 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా ఫోర్డ్ పట్టేశాడు. పిఠాపురం వైపు వెళ్ళినప్పుడల్లా బస్సు కిటికీలోంచి ఆ పొలాలు చూస్తూ, ఇక్కడే ఎక్కడో కదా అనుకుంటా, పక్కసీటాయన కొత్తపల్లి కొబ్బరి రేటు గురించి చెప్తుంటాడు.

నాకు ఈ యుద్ధం మీద పిచ్చి పట్టడానికి కారణం వేరే ఉంది. మామూలుగా ఈ బొమ్మల యుద్ధాల్లో రంగులేయడం ఒక పని, చెట్లూ చేలూ గుట్టలూ చేయడం ఒక పని, ఆట ఇంకో పని, రంగులు ఎలా ఉన్నా ఆటకేం తేడా రాదు. చందుర్తిలో అలా కాదు, అక్కడ గెలుపోటములు తేల్చింది ఒక కోటు రంగు, ఒక చేను. ఫోర్డ్ దగ్గర తెల్లసైనికులు దాదాపు 500, సిపాయిలు దాదాపు 2,000. కాన్‌ఫ్లాన్స్ దగ్గర తెల్లవాళ్ళు అంతే, సిపాయిలు మాత్రం 6,000 దాకా, ఫిరంగులూ ఎక్కువే. ఫోర్డ్ తన తెల్లవాళ్ళని మధ్యలో, సిపాయిలని రెండు పక్కలా నిలబెట్టాడు. మధ్యలో ఉన్నవాళ్ళ ముందు ఎత్తుగా ఎదిగిన చేను, అందులో వాళ్ళు అవతలివాళ్ళకి కనపడలేదు. పక్కన బెంగాల్ సిపాయిలు వేసుకున్నవి ఎర్ర కోట్లు, ఫ్రెంచివాళ్ళు దూరం నుంచి ఆ ఎరుపు చూసి ఇంగ్లీషువాళ్ళు వీళ్ళే అనుకుని తమ మంచి బెటాలియన్ అంతా అటు తోలారు. సిపాయిలు కాసేపు నిలబడి వెనక్కి తగ్గారు, ఫ్రెంచివాళ్ళు గెలిచేశామనుకుని వరసలు చెదిరిపోయి వెంటపడ్డారు, అప్పుడు చేలోంచి అసలువాళ్ళు బయటికొచ్చి పక్కనుంచి తుపాకులు పేల్చారు. అంతే, అయిపోయింది.

ఇప్పుడు చెప్పండి, ఆ ఎరుపు సరిగ్గా వేయకపోతే ఎలా.

ఎరుపు అంత మొండి రంగు ఇంకోటి లేదు. తెల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగుపూత) మీద వేస్తే గులాబీరంగు కొడుతుంది, నల్లదాని మీద వేస్తే నాలుగు పూతలేసినా బురదలా ఉంటుంది. నేను ముందు బర్న్ట్ సియెన్నా వేసి, అది ఆరాక ఎరుపు పలచగా రెండుసార్లు వేస్తా, మడతల్లో గోధుమరంగు అలాగే వదిలేస్తా, అప్పుడు కోటు కోటులా కనిపిస్తుంది. ఆ రోజుల్లో బ్రిటిష్ సైన్యంలో మామూలు సైనికుడి ఎరుపు మంజిష్ఠ వేరుతో అద్దినది, కాస్త ఇటికరంగులోకి ఉంటుంది, ఆఫీసర్లదే నిగనిగలాడే స్కార్లెట్. అందుకని సిపాయిలకి ఎరుపులో చిటికెడు ఎల్లో ఆకర్, అంటే మట్టిపసుపు, కలిపా, పైగా బెంగాల్ నుంచి ఓడలో వచ్చి, విశాఖలో దిగి, అక్కణ్ణుంచి నడుచుకుంటూ వచ్చినవాళ్ళు, కొత్త కోట్లు ఎక్కడుంటాయ్, కొందరి భుజాల మీద వెలిసినట్టు కూడా చేశా. అసలు గమ్మత్తు ఏంటంటే వీళ్ళకి పైన ఎర్ర కోటు, తలకి పాగా, కింద మాత్రం తొడల దాకా వచ్చే పొట్టి లాగు, మోకాళ్ళ కింద ఏమీ లేదు, ఉత్త కాళ్ళు. దగ్గరికొస్తే చిన్నపిల్లాడు కూడా తేడా పట్టేస్తాడు. కాబట్టి ఫ్రెంచివాళ్ళు ఎంత దూరం నుంచి నిర్ణయం తీసేసుకున్నారో ఊహించుకోవచ్చు. టేబుల్‌కి ఆ చివర నిలబడి నేనే చూశా, 15 మిల్లీమీటర్ల బొమ్మలు కదా, ఆరడుగుల దూరం నుంచి ఎర్రగీత ఒకటే కనపడింది, పాగా లేదు, కాళ్ళు లేవు. తెగ సంతోషమేసింది.

ఒంటి రంగు దగ్గర మా పాప వచ్చి కూర్చుంది. సెట్టులో 'స్కిన్' అని వచ్చే సీసా ఒకటి ఉంటుంది, లేత గులాబీ, అది కాన్‌ఫ్లాన్స్‌కి సరిపోద్ది గానీ మనవాళ్ళకి పనికిరాదు. గోధుమరంగు, ఆకర్, కాస్త నలుపు, కాస్త ఎరుపు కలుపుకుంటూ ప్లేటులో ఓ ఐదారు చామనఛాయలు చేశా, అందరికీ ఒకటే వేస్తే బొమ్మలకి ప్రాణం రాదు. పాప తన చెయ్యి ప్లేటు పక్కన పెట్టి "నాన్నా, ఇది నాది, ఇది నానమ్మది, ఇది నీది" అని లెక్క తేల్చింది. ఆ లెక్కన ఒక కంపెనీ మొత్తం మా ఇంటోళ్ళే.

మధ్యాహ్నం దాకా ఉక్కపోత చంపేసింది. ఇలాంటి గాలిలో స్ప్రే ప్రైమర్ కొట్టారంటే బొమ్మ మీద పూత రవ్వ రవ్వగా లేస్తుంది, మొహాలన్నీ గరుకుకాగితం అయిపోతాయి, సముద్రం పక్కన ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. నేను వర్షాకాలం మొత్తం బ్రష్షుతోనే ప్రైమర్ వేస్తా, టైం పడుతుంది, పడనీ.

చేను విషయానికొస్తా. పుస్తకాల్లో 'ఇండియన్ కార్న్' అని రాశారు కాబట్టి మొక్కజొన్న అనుకోవాలి, కానీ నేను మాత్రం జొన్నే పెడుతున్నా, నా టేబుల్ నా ఇష్టం. మా అమ్మ కూడా నా పక్షమే. "మా చిన్నప్పుడు జొన్నచేలో గేదె దూరినా కనపడేది కాదురా, దాని మెడలో గంట చప్పుడు పట్టుకుని వెతికేవాళ్ళం" అంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి. డోర్‌మ్యాట్ పీచు నిక్కబొడుచుకుని ఉంటుంది కదా, దాని ఎత్తు మా 15 మిల్లీమీటర్ల సిపాయి పాగా కన్నా కొంచెం పైకే వచ్చింది, ఈ సైజు బొమ్మలు ఎంచుకోవడానికి సగం కారణం అదే, 28 మిల్లీమీటర్ల బొమ్మలైతే చేను నడుము దాకానే వచ్చేది. ముక్కలు కోశాక ముందు మొత్తానికి ఆకుపచ్చ నీళ్ళలా కలిపి పోసేశా, ఆరాక పైపైన పొడిబ్రష్షుతో ఎండుగడ్డి రంగు రుద్దా, డిసెంబర్ కదా, చేను పండి ఉంటుంది. తర్వాత వేలి చివర ఫెవికాల్ పూసుకుని పీచు కొసలకి అంటించి, వడ్రంగి దగ్గర తెచ్చుకున్న సన్నటి రంపంపొట్టులో ముంచా. కంకులు వచ్చేశాయి! వాటికి మీగడరంగు వేస్తే నిజంగా జొన్నకంకే. బొంబాయిరవ్వ వాడమని ఎవరో చెప్పారు, మా ఇంట్లో చీమలకి అది ఫంక్షన్ హాల్ అవుతుంది, వద్దనుకున్నా. చేనంతా ఒకటే ముక్క చేయకుండా చిన్న చిన్న పలకలుగా చేశా, ఎందుకంటే బొమ్మలు లోపల నిలబడాలి, అవసరమైతే ఒక పలక తీసి వాళ్ళని పెట్టొచ్చు.

జెండాల సంగతి చెప్పకపోతే ఎలా. నేను వారం పైగా రాత్రిళ్ళు కూర్చుని సిపాయి కంపెనీలకి చిన్న చిన్న జెండాలు కాగితం మీద గీసి, రంగులేసి, ఫెవికాల్ పూసి తీగకి చుట్టి, తడి మీదే వేళ్ళతో అలలు తిప్పి, గాలికి ఎగురుతున్నట్టు చేశా. ఆనాటి సంగతులు రాసినవాళ్ళు ఏమంటారంటే, ఫ్రెంచివాళ్ళు పొరబడుతున్నారని ఫోర్డ్ కనిపెట్టి, సిపాయిలని జెండాలు చుట్టేసి నేల మీద పడేయమన్నాడట, ఆ చిన్న జెండాలు చూస్తే సిపాయిలని తెలిసిపోతుంది కదా. అంటే నేను ఇంత కష్టపడి ఎగరేసిన జెండాలు ఆ రోజు ఎగరనేలేదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక కూర్చుని జెండా చుట్టి పక్కన పడేసినట్టుండే బేసులు (బొమ్మలు నిలబెట్టే పలకలు) వేరేగా నాలుగు చేశా, ఇసక మీద చుట్టిన కర్ర, పక్కన ఖాళీ చేతులతో ఒకడు. ఎగిరేవాటిని పారేయను, బొబ్బిలి యుద్ధం ఆడేటప్పుడు కావాలంటే ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యంలోకి పంపిస్తా, రంగు మార్చి.

సాయంత్రం మా బావమరిది వచ్చాడు, ఫ్రెంచివాళ్ళు వాడివి. రాగానే "బావా, ఇందులో మజా ఏముంది, చేలో ఎవరున్నారో నాకు తెలుసు, నేనెందుకు సిపాయిల మీదకి పోతా" అన్నాడు. న్యాయమైన మాటే, చరిత్ర తెలిసినవాడితో చరిత్ర ఆడటం అన్నిటికన్నా కష్టం. దీనికి నేను ఆలోచించింది ఏంటంటే, మొదట్లో నా వైపు బొమ్మలేవీ పెట్టను, ఒకే సైజు ఎర్ర అట్టముక్కలు పెడతా, ఏది తెల్లవాళ్ళ బెటాలియనో కింద పెన్సిల్‌తో రాసి ఉంటుంది. చేను కూడా మధ్యలోనే ఉండాలని లేదు, ఎక్కడ పెట్టాలో పాచిక వేసి తేలుస్తాం, పైగా చేలో ఎవరూ లేకపోవచ్చు కూడా. వాడి సైన్యం 12 అంగుళాల దగ్గరికొస్తే అట్ట తిప్పాలి. జెండాలు పడేసిన బెటాలియన్ అయితే 8 అంగుళాల దాకా తిప్పక్కర్లేదు, కానీ ఆ బెటాలియన్ ధైర్యంగా నిలబడుతుందా లేదా అని పాచిక వేసినప్పుడు ఒకటి తగ్గించుకోవాలి, జెండా లేని సిపాయికి ఆనుకోవడానికి ఏముంటుంది. ఇది విన్నాక వాడు కాస్త ముందుకి జరిగి కూర్చున్నాడు. మోసం ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు, ఫోర్డ్ ఎదురుగా నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉండాలి. లెక్క కోసం ఒక బొమ్మకి దాదాపు 20 మంది, తెల్ల బెటాలియన్‌కి 24 బొమ్మలు, వాడి 6,000 సిపాయిలని మాత్రం సగానికి కోసేశాం, అన్ని బొమ్మలకి డబ్బూ లేదు, చోటూ లేదు.

వాడికి ఒక ఒంటె కూడా ఇచ్చా. ఓడిపోయాక కాన్‌ఫ్లాన్స్ సైన్యం ఖజానాని ఒంటెల మీద ముందే పంపించేసి, తను గుర్రమెక్కి ఆ రాత్రికే రాజమండ్రి చేరాడని రాశారు. ఒంటె టేబుల్ దాటితే వాడికి రెండు పాయింట్లు. వెంటనే ఒంటె వైపు చూడటం మొదలెట్టాడు, ఇంకా యుద్ధం మొదలే కాలేదు.

గొడవంతా విజయనగరం రాజుగారి దగ్గర వచ్చింది. వాళ్ళ బొమ్మలు ఎవరూ అమ్మరు, మొఘల్, మరాఠా బొమ్మలు తెచ్చి, ఎమ్‌సీల్‌తో పాగాలు మార్చి, ఈటెలు, బాణాలు పెట్టి చేసుకున్నా, నా సైన్యం మొత్తంలో అందమైనవి అవే, ముఖ్యంగా గుర్రపు రౌతులు. కానీ ఆ రోజు ఫ్రెంచివాళ్ళు పారిపోతుంటే వెంటపడండని ఫోర్డ్ ఎన్నిసార్లు కబురు పంపినా రాజుగారి రౌతులు కదల్లేదట, నీళ్ళు లేని ఒక చెరువు గోతిలో తలదాచుకుని ఉండిపోయారట. ఇంగ్లీషువాళ్ళు ఇది వెటకారంగా రాసుకున్నారు, నాకు మాత్రం అందులో వెటకారం కనపడదు, ఎవరో ఇద్దరు విదేశీ కంపెనీలోళ్ళు కొట్టుకుంటుంటే మధ్యలో ఫిరంగి గుండుకి ఎదురెళ్ళడానికి వాళ్ళకేం పట్టింది. థర్మోకోల్‌లో గుంట తవ్వి, గట్టు మీద తాటిచెట్లు పెట్టి, అడుగున ఎండి బీటలువారిన మట్టి కోసం బంకమట్టి పూసి ఎండలో పెట్టి ఆ చెరువు చేశా. బీటలు వాటంతటవే వచ్చాయి.

రూలు మాత్రం ఇంకా తెగలేదు. రౌతులు చెరువులోంచి కదలాలంటే 6 పడాలి అన్నా నేను. "బావా, నీ వాళ్ళే కదా, నువ్వే ఎందుకు కష్టం పెట్టుకుంటున్నావ్, 5 పడినా చాలనుకో" అన్నాడు వాడు. వాడికి ఇంత దయ ఎందుకో నాకు తెలుసు, రౌతులు బయటికొస్తే వాడి ఫిరంగులకి పని దొరుకుతుంది. 6 అంటే 6 అన్నా. వచ్చే ఆదివారం దాకా ఆలోచించుకోమని చెప్పి, పీచు అంటిన సాక్సులతోనే వెళ్ళిపోయాడు.