బ్యారేజీ కింద మోకాలిబంటి కృష్ణ

విజయవాడ బస్టాండు నుంచి యనమలకుదురుకి ఆటోవాళ్లు చెప్పే రేటు వింటే ఒళ్లు మండుతుంది. ఓపిక పట్టి షేర్ ఆటోలో వెళ్లి గట్టు దగ్గర దిగాను. ఎండాకాలం కదా, ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ దించి ఉంటాయి. పైన నిండుకుండలా ఉన్న కృష్ణ, కింద ఇసుక మేటల మధ్య సన్నటి పాయలైపోతుంది. ‘ఇంతేనా’ అని ప్యాంటు మడిచి దిగేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన అడక్కుండానే చెప్పాడు: “నల్లగా, కదలకుండా ఉన్నచోట దిగమాక బాబూ, అది మడుగు. గలగలమనే చోట దిగు.”

ఏటి గుణమంతా ఆ మాటలో ఉంది. అడుగున ఇసుకను ఒరుసుకుంటూ పారే నీటికి పైన ముడతలు పడతాయి. లోతున్నచోట నునుపుగా ఉంటుంది. వంపులో లోపలి ఒడ్డున వేగం తగ్గి ఇసుక మేటవేస్తుంది, బయటి ఒడ్డు కోతపడుతుంది. అందుకే ఇటు చీలమండల దాకా ఉన్న నీళ్లు అటు చేరేసరికి మొలబంటి అవుతాయి. ఇసుక తవ్విన గుంటలకు మాత్రం ఏ లెక్కా లేదు. మోకాలిలోతులో నడుస్తుండగానే పక్క అడుగు నిలువులోతులో పడుతుంది. అంచు జారిపోతుంటే పైకి రావడానికి పట్టు దొరకదు.

దాటక తప్పకపోతే ఛాతీ ఎత్తు వెదురుగడ కావాలి. నీళ్లు వచ్చేవైపు గుచ్చి, అడుగు గట్టిగా తగిలాకే కాలు జరపాలి, ఎత్తి వేయకూడదు. సంచి ఒక భుజానికే ఉండాలి, పడితే వదిలేయడానికి. తొడల దాకా వచ్చి నీటి తోపుడు తెలిసిందా, వెనక్కి తిరగడమే.

మోకాలిబంటి, మొలబంటి, పీకలలోతు... ఒంటితో కొలిచే ఈ మాటలు అడుగుల లెక్క కన్నా నాకు నమ్మకం. ‘రేవు’ అలా కాదు. చాకిరేవూ రేవే, పడవల రేవూ రేవే, చీరాల దగ్గర సముద్రం ఒడ్డున ఉన్నదీ ఓడరేవే. ఎవరైనా “అక్కడ రేవుంది” అంటే, నడిచి దాటేదా పడవెక్కేదా అని అడిగి తీరాలి.

గేట్లు ఎత్తుతున్నారని కబురుంటే మేటల మీదికి అసలే పోకూడదు. 2024 సెప్టెంబరులో ఇక్కడ 11 లక్షల క్యూసెక్కులు దాటింది, అంత రానక్కర్లేదు. వదిలిన నీళ్లు ముందు పల్లపు పాయల్ని నింపుతాయి, మేట ఆఖర్న మునుగుతుంది. కాళ్ల కింద ఇసుక పొడిగా ఉండగానే వెనక దారి మూసుకుపోతుంది.