ముందు చెవులు, తర్వాతే వెల్డింగ్

బాలానగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో నాలుగేళ్లు పని చేశాను. అంతకుముందు ఐటీఐలో ఏడాది వెల్డర్ ట్రేడ్. 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపు చుట్టూ తిరిగి వెల్డ్ చేసే 6జీ టెస్టు కూడా పాసయ్యాను. అందుకే నీళ్ల కింద వెల్డింగ్ అనే పని ఉందని తెలియగానే, ఇక ఈత నేర్చుకుంటే చాలనుకున్నాను.

మా ఉస్తాద్‌కి చెప్తే పడీ పడీ నవ్వాడు. "హుస్సేన్ సాగర్ల దుంకి చేస్తవారా వెల్డింగ్?" అన్నాడు. ఆయనకి ఆ చెరువే గుర్తుకు రావడానికి కారణముంది. 1990లో బుద్ధ విగ్రహాన్ని బార్జి మీద తీసుకెళ్తుంటే అది చెరువులో పడిపోయింది, మనుషులు కూడా పోయారు. మళ్లీ పైకి తీసింది 1992లోనే. అప్పట్లో కుర్రాడైన ఉస్తాద్ ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూసేవాడట. "ఆ నీళ్లల్ల ఏం కనవడతది? తడుముకుంట చేసుడే" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో నాకు తర్వాత తెలిసింది.

తెలిసినవాళ్ల ద్వారా ఒక డైవర్ నంబరు దొరికింది. ఆయన మొదట అడిగింది వెల్డింగ్ గురించి కాదు. "చెవులెట్లా ఉన్నాయి?" అన్నాడు. కంపెనీలకు కావాల్సింది కమర్షియల్ డైవరేనట. పైనుంచి గొట్టంలో గాలి వస్తుంటే హెల్మెట్ పెట్టుకుని దిగాలి. నాచు గీకడం, ఫొటోలు తీయడం, బోల్టులు బిగించడం, వీటి మధ్య ఎప్పుడో ఒకసారి వెల్డింగ్. సరదాకి నేర్చుకునే స్కూబా కార్డు దీనికి పనికిరాదు.

మెడికల్‌లో ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల పరీక్ష సాఫీగా అయిపోయాయి. ఎడమ చెవి దగ్గర ఆగిపోయాను. నీళ్లలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది, అంటే 10 మీటర్ల దగ్గరే పైనున్నదానికి రెట్టింపు. నాకు స్విమ్మింగ్ పూల్‌లో రెండు మీటర్లు దిగేసరికే చెవిలో సూది గుచ్చినట్టయ్యేది. నాలుగేళ్ల గ్రైండింగ్ దుమ్ము ముక్కులోనే ఉందేమో! ముక్కు మూసుకుని మెల్లగా ఊదడం, గుటక వేయడం, నొప్పి రాకముందే మళ్లీ ఊదడం. రోజూ పొద్దున ఐదున్నరకు పూల్ దగ్గర ఇదే పని. ఇంటికొస్తే అమ్మ పసుపు వేసి ఆవిరి పట్టించేది. ఆ చెవి దారికి రావడానికి మూడు నెలలు పట్టింది. 6జీ టెస్టు కూడా నన్ను ఇంత ఏడిపించలేదు.

"కరెంటు వట్టుకొని నీళ్లల్ల దిగుతవా బిడ్డా?" అని అమ్మ అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. సముద్రం ఉన్న ఊళ్లో శిక్షణకు వెళ్లాకే నాకు జవాబు దొరికింది. వాడేది డీసీ కరెంటు, ఏసీ కాదు. కింద డైవర్ "హాట్" అంటేనే పైనున్న మనిషి స్విచ్ వేస్తాడు, "కోల్డ్" అనగానే తీసేస్తాడు. రాడ్ మార్చేటప్పుడు కరెంటు ఉండకూడదు. ఎర్తింగ్ క్లాంపుకీ రాడ్‌కీ మధ్యలో మన ఒళ్లు అడ్డం రాకూడదు. ఇంతవరకు అమ్మకు చెప్పాను. రాడ్ కొసన మెరిసే కరెంటు మంట, అదే ఆర్క్, దాని వేడికి నీళ్లు విడిపోయి పుట్టే హైడ్రోజన్, ఆక్సిజన్ మూతపడిన చోట పోగైతే పేలతాయని మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

నీళ్లలో నా మొదటి వెల్డు కోడి గీకినట్టు వచ్చింది. షెడ్డులో రాడ్‌కీ ప్లేటుకీ మధ్య సన్నటి గ్యాప్ పట్టడం చేతికి అలవాటైపోయింది. ఇక్కడ రాడ్‌ని ప్లేటుకు ఆనించి లాగాలి, పై పూత లోపలి తీగకన్నా ఆలస్యంగా కరిగి గ్యాప్ తానే ఇస్తుంది. నాలుగేళ్ల అలవాటు మరవడానికే వారం పట్టింది. పైగా నీళ్లకు వెల్డు ఒక్కసారిగా చల్లారి పెళుసుగా తయారవుతుంది, పగుళ్లొస్తాయి. బురద లేస్తే అంతే, ఉస్తాద్ చెప్పినట్టు తడుముకోవడమే.

డబ్బు సంగతి. నెలకు లక్షలు అని ప్రకటనలు చూసి ఫీజు కట్టకండి. నాన్న ప్లాటు మీద లోను తీసుకుని కట్టాడు కాబట్టి చెప్తున్నాను. కంపెనీలో చేరాక ఆర్నెల్లు నా ఉద్యోగం టెండర్‌గా. అంటే ఒడ్డున నిలబడి, కింద ఉన్న డైవర్ గాలి గొట్టాన్ని ఎక్కువ వదలకుండా, ఎక్కువ లాగకుండా పట్టుకోవడం. ఎండలో ఎనిమిది గంటలు. ఉస్తాద్ ఫోన్ చేసి "ఎన్ని రాడ్లు కాల్చినవ్‌రా?" అని అడిగితే ఒక్కటీ లేదన్నాను.

వచ్చే నెల జెట్టీ స్తంభాలకు తుప్పు పట్టకుండా ఆనోడ్లనే లోహపు దిమ్మలు వెల్డ్ చేసే పని ఉంది. దిగేవాళ్ల లిస్టులో నాది నాలుగో పేరు. జలుబు చేస్తే మాత్రం దిగనివ్వరు. అందుకే ఈ వానల్లో బండి తీయకుండా మెట్రోలో తిరుగుతున్నాను, అమ్మ ఆవిరి గిన్నె మళ్లీ బయటికి తీసింది.