యెరూషలేములో పెద్దమ్మ అడిగిన ప్రశ్న

యెరూషలేము యాత్రకి వెళ్ళే విశ్వాసుల్లో చాలామంది అక్కడి నుంచి ఏదో ఒకటి సంపాదించుకు రావాలనే వెళ్తారు. ఆ నేల మీద నడిస్తే, ఆ నీళ్ళలో మునిగితే, ఆ రాయిని ముట్టుకుంటే దేవుని దగ్గర మన లెక్క కాస్త పెరుగుతుందని లోపల ఎక్కడో ఆశ. మా బృందంలోనూ ఆ ఆశ ఉంది. నాతో వచ్చిన మా పెద్దమ్మకి మరీ ఉంది.

పెద్దమ్మ గురించి చెప్పాలి. ఉపవాసం తప్పదు, దశమభాగం తప్పదు. తెల్లవారుజామునే లేచి మోకరిస్తుంది. మంచాన పడ్డ అత్తగారిని ఏళ్ళ తరబడి చూసుకుంది. ఒంటికి పుండ్లు పడకుండా రాత్రిళ్ళు లేచి ఆవిడని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పి పడుకోబెట్టేది. అలాంటి మనిషిని "రక్షణ నిశ్చయత ఉందా పెద్దమ్మా, చనిపోతే దేవుడు చేర్చుకుంటాడన్న ధైర్యం ఉందా?" అని అడిగితే, "ఏమో అమ్మా, చెయ్యాల్సింది ఇంకా చాలా ఉంది" అనేది. జీవితమంతా ప్రార్థనలో గడిపినవాళ్ళు చావంటే ఇంత భయపడుతూ బతకడం నాకు చాలా బాధగా ఉంటుంది. ఈ యాత్ర గురించి రాయాలనిపించింది కూడా అందుకే.

యోర్దాను దగ్గర ఆ భయం బయటపడింది. మేం వెళ్ళింది యేసు బాప్తిస్మం తీసుకున్నాడని చెప్పే ఖసర్ అల్ యహూద్ అనే రేవుకి. అవతలి ఒడ్డు జోర్డాన్ దేశం. అక్కడి అల్ మగ్తాస్ అనే చోటుని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మనం పాటల్లో ఊహించుకున్నంత పెద్ద నది కాదది. నీళ్ళు మట్టిరంగులో ఉన్నాయి. అవతలి ఒడ్డున ప్రార్థన చేసేవాళ్ళ గొంతులు ఇవతలికి వినబడేంత ఇరుకు. తెల్లటి అంగీలు వేసుకున్న యాత్రికులు బృందాలుగా దిగి మునుగుతున్నారు. పెద్దమ్మ కూడా అంగీ తీసుకుంది.

"నీ బాప్తిస్మం ఎప్పుడో అయిపోయింది కదా పెద్దమ్మా?"

"అయింది. కానీ ఆ తర్వాత ఎన్ని పాపాలు చేశానో. ఈ నీళ్ళు వేరు కదే."

మాతో వచ్చిన పాస్టర్ గారు ఆ మాట విన్నారు. ఆయన వద్దనలేదు. "అమ్మా, జ్ఞాపకంగా దిగాలనిపిస్తే దిగండి. మొదటిది చాల్లేదనుకుని మాత్రం దిగొద్దు" అని, మత్తయి 3వ అధ్యాయం తీసి చదివారు. పాపులు వరసగా నిలబడి తమ పాపాలు ఒప్పుకుంటూ బాప్తిస్మం తీసుకుంటున్నారు. ఒప్పుకోవడానికి ఒక్క పాపం కూడా లేని యేసు వచ్చి అదే వరసలో నిలబడ్డాడు. యోహాను ఆయన్ని ఆపబోయాడు. నీతి యావత్తు నెరవేర్చాలంటూ యేసు దిగాడు. "మన చోట నిలబడటం ఆయన ఇక్కడే మొదలుపెట్టాడు. మీ ముంచుడు ఎంత బాగా జరిగిందన్నది కాదమ్మా, ఎవరు దిగారన్నది చూడండి" అన్నారు పాస్టర్ గారు. పెద్దమ్మ మోకాళ్ళ దాకా దిగి, కాసేపు నిలబడి, మునగకుండానే పైకి వచ్చింది. ఏమీ మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

ఒలీవల కొండ, గెత్సేమనే ఒకే పూటలో చూశాం. గెత్సేమనేలోని చెట్లు యేసు కాలం నాటివేనని చాలామంది చెబుతారు. వాటిలో కొన్నింటిని పరీక్షిస్తే ఇప్పుడున్న మానుల వయసు దాదాపు 900 ఏళ్ళని తేలింది. అది విని మా బృందంలో కొందరు డీలా పడ్డారు గానీ నాకేం అనిపించలేదు. పట్టబడే ముందు యేసు అక్కడ ప్రార్థించాడన్నది మానుల వయసు మీద ఆధారపడే సంగతి కాదు.

నేను ఎక్కువసేపు ఉండిపోవాలనుకున్న చోటు మాత్రం దేవాలయపు దక్షిణం వైపు మెట్లు. టూర్లలో అక్కడికి తక్కువ టైమ్ ఇస్తారు, అది పొరపాటని నా అభిప్రాయం. ఈ మెట్ల మీదుగానే జనం హుల్దా ద్వారాల వైపు ఎక్కి దేవాలయంలోకి వెళ్ళేవారు. కొన్ని మెట్లు తర్వాత బాగుచేసినవి, కొన్ని అప్పటివే. అన్నీ ఒకే వెడల్పులో ఉండవు. ఒకటి వెడల్పుగా, తర్వాతది ఇరుకుగా వస్తుంది. పరధ్యానంగా ఎక్కితే తడబడతాం, ఒక్కో అడుగూ చూసుకుని వెయ్యాలి. దగ్గర్లోనే రాతిలో తొలిచిన శుద్ధి స్నానాల తొట్లు బయటపడ్డాయి. అక్కడ మునిగి, శుద్ధులై, అప్పుడు ఎక్కేవారు. ప్రతి పండక్కీ మళ్ళీ మొదటి నుంచి ఇదే.

ఆ మెట్ల మీద కూర్చుని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం చదువుకున్నాం. యాజకుడు రోజూ నిలబడి, పాపాల్ని ఎన్నటికీ తీసివేయలేని ఆ బలుల్నే మళ్ళీ మళ్ళీ అర్పిస్తూ ఉంటాడు. క్రీస్తయితే ఒక్క బలి అర్పించి దేవుని కుడిపక్కన కూర్చున్నాడు. దేవాలయం కట్టకముందు ఆరాధన జరిగిన ప్రత్యక్షగుడారంలో ఏమేం ఉండాలో మోషేకి దేవుడు ఎంతో వివరంగా చెప్పాడు. బల్ల ఉంది, దీపస్తంభం ఉంది, ధూపవేదిక ఉంది. యాజకుడు కూర్చోడానికి పీట మాత్రం ఎక్కడా లేదు. పని ఎప్పటికీ ముగిసేది కాదు గనుక కూర్చునే అవసరమే రాలేదు. యేసు కూర్చున్నాడంటే మన రక్షణ కోసం చెయ్యాల్సింది ఇంకేమీ మిగల్లేదన్నమాట. ఆ దేవాలయాన్ని క్రీ.శ. 70లో రోమా సైన్యం కూల్చేసింది. వాళ్ళు పైనుంచి తోసిన పెద్ద పెద్ద రాళ్ళు పడమటి గోడ దక్షిణపు కొసన, అప్పటి వీధి మీద, పడినవి పడినట్టే ఉన్నాయి. కానీ జనాన్ని దేవుని సన్నిధి నుంచి వేరుచేసే లోపలి తెర అంతకు ముందే, ఆయన ప్రాణం విడిచినప్పుడే, పైనుంచి కిందికి చినిగిపోయిందని మత్తయి రాశాడు.

మర్నాడు వియా డొలొరోసా. సిలువ మార్గంలో 14 మజిలీలు. తొమ్మిది దారిలో వస్తాయి, చివరి అయిదూ పవిత్ర సమాధి చర్చి లోపలే. సన్నటి సందులు, రెండు వైపులా దుకాణాలు, మధ్యలో చెక్క సిలువ మోస్తూ పాడుకుంటూ వెళ్ళే బృందాలు. మొదటి మజిలీ దగ్గర గైడ్ ఒక మాట చెప్పాడు. యేసుకి తీర్పు చెప్పిన పిలాతు భవనం మెట్లని రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ తల్లి హెలేనా రోముకి తరలించిందని సంప్రదాయం. ఆ 28 పాలరాతి మెట్లూ ఇప్పటికీ రోములో ఉన్నాయి, భక్తులు వాటిని మోకాళ్ళ మీద ఎక్కుతారు. మోకాళ్ళ రాపిడికి రాయి గుంటలు పడటంతో 1723లో పైన చెక్క తాపడం చేశారు. 2019లో మరమ్మతులు చేసి, కొద్ది వారాల పాటు ఆ చెక్క లేకుండా ఎక్కనిచ్చారు.

తర్వాత ప్రొటెస్టెంటు సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ యువ సన్యాసిగా రోముకి వెళ్ళినప్పుడు ఆ మెట్లు ఎక్కాడు. చనిపోయిన తాతగారి ఆత్మ కోసం మెట్టు మెట్టుకీ పరలోక ప్రార్థన చెబుతూ ఎక్కి, పైకి చేరాక, ఇది నిజమో కాదో ఎవరికి తెలుసు అనుకున్నాడట. చాలా ఏళ్ళ తర్వాత, 1545లో, ఒక ప్రసంగంలో ఆయనే ఈ సంగతి చెప్పుకున్నాడు. చివరి మెట్టు మీద పుట్టిన ఆ సందేహం నాకు బాగా అర్థమవుతుంది. మన క్రియల మీద ఆనుకున్నంతకాలం ఆ సందేహం తీరదు. ఇంకో 28 మెట్లు ఉన్నా అది అలాగే ఉంటుంది.

ఇది క్యాథలిక్కుల సమస్య, మనది కాదు అనుకునేవాళ్ళతో నేను ఏకీభవించను. కృప చేతనే, క్రీస్తు రక్షణ కార్యం మీద విశ్వాసం వల్లనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో క్యాథలిక్కులు, లూథరన్లు కలిసి సంతకం చేశారు. మోకాళ్ళ మెట్లు లేని చర్చిల్లో కూడా ఎన్ని ఉపవాసాలు చేశాం, ఎన్ని గంటలు ప్రార్థించాం, ఎంత ఇచ్చాం అని లెక్కలు వేసుకునేవాళ్ళు బోలెడంతమంది.

పవిత్ర సమాధి చర్చిలో అడుగు పెట్టగానే కుడిచేతి వైపు నిటారుగా రాతి మెట్లు ఉంటాయి. అవి యేసుని సిలువ వేసిన గొల్గొతాకి దారి. పెద్దమ్మ ఒక చేత్తో గోడ, ఒక చేత్తో నా భుజం పట్టుకుని ఎక్కింది. పైన గ్రీకు వాళ్ళ బలిపీఠం కింద ఒక గుండ్రటి రంధ్రం ఉంది. ఒక్కొక్కరే వంగి, దాదాపు పాకినట్టు లోపలికి వెళ్ళి, అందులో చెయ్యి పెట్టి కొండరాయిని తాకుతారు. చుట్టూ దీపాలు, అగరు వాసన, వెనక నుంచి తోపులాట. నా వంతు వచ్చినప్పుడు వేళ్ళకి చల్లటి గరుకు రాయి తగిలింది. ఇక్కడ ఆయన "సమాప్తమైనది" అన్నప్పుడు పక్కనే వేలాడుతున్న దొంగ గుర్తొచ్చాడు. ఆ మనిషికి బాప్తిస్మం తీసుకునే వీల్లేదు, దొంగిలించింది తిరిగిచ్చే టైమ్ లేదు, సేవ చెయ్యడానికి చేతులు మేకులతో కొట్టి ఉన్నాయి. నన్ను జ్ఞాపకం చేసుకో అని మాత్రం అడిగాడు. ఆ రోజే పరదైసు అని మాట ఇచ్చాడు యేసు.

కిందికి దిగి సమాధి కోసం క్యూలో నిలబడ్డాం. చాలా పెద్ద క్యూ. అక్కడ నేను ఆ దొంగ సంగతి చెబుతుంటే పెద్దమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సంతోషంతో అనుకున్నాను, కాదు.

"అయితే నేను చేసిందంతా వృథానా? మా అత్తగారికి చేసింది, ఆ ఉపవాసాలు, అదంతా? చివర్లో ఒక్క మాట అన్న దొంగా నేనూ ఒకటేనా?"

పుస్తకాల్లో ఈ ప్రశ్నకి జవాబు తేలిగ్గా దొరుకుతుంది. అలసిపోయి, కాళ్ళు వాచి, నిజంగా త్యాగం చేసిన మనిషి ముఖం మీదే అడిగినప్పుడు తేలిక కాదు. రక్షణ విషయంలో మాత్రం ఒకటేనని చెప్పాను. అది దాచకూడదు. ఎఫెసీ 2వ అధ్యాయం అతిశయపడటానికి ఎవరికీ చోటివ్వదు. కానీ అక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. అదే చోట తర్వాతి వచనంలో, దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్‌క్రియల కోసం మనం క్రీస్తులో సృష్టింపబడ్డామని ఉంది. క్రియలు రక్షణకి ముందు రావు, దాని వెంట వస్తాయి.

"పెద్దమ్మా, నువ్వు రాత్రిళ్ళు లేచి ఆవిడని పక్కకి తిప్పావు. అది నీ రక్షణకి కట్టే కిస్తీ అయితే, ఆవిడ నొప్పి నీకు ఒక అవకాశం మాత్రమే అయ్యేది. నీ రక్షణ సంగతి ఆయన ఇక్కడే ముగించేశాడు గనుక, నువ్వు చేసిందంతా పూర్తిగా ఆవిడకే చెందుతుంది. దేవుడు దాన్ని మర్చిపోడు. చన్నీళ్ళు ఒక గిన్నెడు ఇచ్చినా ఫలం పోగొట్టుకోరని ఆయనే అన్నాడు కదా."

ఆమె చాలాసేపు ఆలోచించింది. క్యూ రెండు సార్లు కదిలింది. "ఆవిడ చివరి రోజుల్లో నా చెయ్యి వదిలేది కాదే. అప్పుడు కూడా నేను, దేవుడు చూస్తున్నాడా లేదా అని ఆలోచించేదాన్ని. ఆవిడ ముఖం సరిగ్గా చూడలేదు" అంది.

నా జీవితంలో ఎన్నో ప్రసంగాలు విన్నాను. క్రియల మీద ఆనుకోవడం మనల్ని ఏం చేస్తుందో ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. దేవుని ముందు మన స్థితి తేలనంతకాలం పక్కనున్న మనిషిని మనం ప్రశాంతంగా ప్రేమించలేం. కళ్ళు ఎప్పుడూ మన లెక్క మీదే ఉంటాయి.

సమాధి లోపల ఉండనిచ్చేది కొద్ది క్షణాలే. ముందు చిన్న గది, తర్వాత వంగి దూరాల్సిన తలుపు, లోపల పాలరాతి పలక. 2016లో మరమ్మతుల కోసం ఆ పలకని పక్కకి జరిపితే కింద ఇంకో పలక, దాని కింద సున్నపురాతి అరుగు కనబడ్డాయి. బయట నుంచి సన్యాసి తొందరపెడుతున్నాడు. పెద్దమ్మ మోకరించాలని చూసింది, మోకాళ్ళు వంగలేదు. నిలబడే చెయ్యి చాచి ఆ పలక మీద పెట్టి "లేచాడు" అంది, అంతే, బయటికి వచ్చేశాం.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక తమ్ముడు యాకోబు పత్రిక తీశాడు. క్రియలు లేని విశ్వాసం మృతం అని ఉంది కదక్కా, మరి ఎలా బతికినా ఫర్వాలేదా అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. అక్కడ యాకోబు మాట్లాడుతున్నది నోటితో మాత్రం నమ్మకం ఉందనేవాళ్ళ గురించి. బట్టల్లేని, తిండిలేని సహోదరుడితో సమాధానంగా వెళ్ళు అని ఊరుకునేవాళ్ళ గురించి. పౌలు మాట్లాడుతున్నది తన క్రియలు చూపించి దేవుని ముందు నిలబడాలనుకునేవాళ్ళతో. ఇద్దరూ అబ్రాహాముని చూపిస్తారు, కానీ ఒకే రోజుని కాదు. ఆది 15లో అతను నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. ఇస్సాకుని అర్పించడం 22వ అధ్యాయంలో, అంటే ఆ కొడుకు పుట్టి పెరిగాక. నేను అలా చెబుతుంటే పెద్దమ్మ మధ్యలో అందుకుంది.

"ఒరే నాన్నా, ఎలా బతికినా ఫర్వాలేదని అనిపించేది అక్కడ ఆ రాయి ముట్టుకోనివాళ్ళకి."

తర్వాత నా వైపు తిరిగి, "సరే, మళ్ళీ ఏ రాత్రో నిద్ర పట్టక ఆ లెక్కలు గుర్తొస్తే?" అంది.

"వస్తాయి. నాకూ వస్తాయి. అప్పుడు హెబ్రీ పది చదువు."

"కళ్ళజోడు లేకుండా కనబడదే."

"నాకు ఫోన్ చెయ్యి, చదువుతా."

"అర్ధరాత్రయినా?"

"అర్ధరాత్రయినా."